బీరువా ఎక్కిన లారీ

జూన్ 4

అత్తా,

ఫోన్ చేస్తే నీ వెనక పిల్లల గోల, నా వెనక రంపం మోత. పోయినసారి నేను "బాగున్నావా" అనడిగితే నువ్వు "మూడు కిలోలు చాలు" అని జవాబిచ్చావు. అందుకే ఉత్తరం. పిల్లల్ని పడుకోబెట్టాక మధ్యాహ్నం తీరిగ్గా చదువుకుంటావని తెలుసు.

దీంతోపాటు ఒక అట్టపెట్టె వస్తుంది. జాగ్రత్తగా విప్పు. అందులో ఉన్నది చెక్క లారీ. నేనే చేశాను. పొద్దంతా ఓనరు చెప్పిన మంచాలూ బల్లలూ చేసి, షెడ్డుకి తాళం పడేలోగా దొరికిన కాసేపట్లో కొంచెం కొంచెంగా చేసింది. ఒక్క మేకు లేదు, అంతా అతుకులే. తలుపులు తెరుచుకుంటాయి. వెనక తొట్టి పైకి లేస్తుంది. ఎక్కడ వేలు పెట్టి రుద్దినా ఒక్క పేడు గుచ్చుకోదు, నాదీ హామీ.

బజార్లో బొమ్మల షాపావిడకి చూపించాను. తిప్పి తిప్పి చూసి ఎంతకిస్తావంది. చెప్పాను. అంతే, లారీని గాజుబల్ల మీద ఎంత మెల్లగా దించిందంటే, నిద్రపోతున్న పసిపిల్లని దించుతోందేమో అనిపించింది. "ఈ డబ్బుకి నేను ప్లాస్టిక్ లారీలు బస్తాడు ఇస్తాను నాయనా" అంది.

నీ కోడలైతే మందుల షాపు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా "ఈ డబ్బుతో నెల సరుకులు సగం వస్తాయి" అంది. అంటూనే పెట్టె మాత్రం తనే కట్టింది. నేను కడితే దార్లోనే చక్రాలు ఊడతాయట.

ధర ఎంతో వెనక పేజీలో రాశాను. కూర్చుని చూడు. ముప్పై ఏళ్లుగా పిల్లల మధ్య బతుకుతున్నదానివి, నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? పిల్లలకి ఇలాంటిది కావాలా? ఇంత పెట్టొచ్చా? నువ్వు వద్దురా అంటే బుద్ధిగా మంచాలు చేసుకుంటాను. సరే అంటే ఏం చేస్తానో అప్పుడు చెప్తాను. మొహమాటం లేకుండా రాయి.

నీ పొట్టోడు


జూన్ 15

ఆరడుగుల పొట్టోడికి,

నీ పెట్టె, నీ ఉత్తరం, నీ వెనక పేజీ అన్నీ అందాయి. వెనక పేజీ చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అంకె మారలేదు. ఏరా, ఇంజను కూడా పెట్టావా లోపల?

మా సంగతి తెలుసుగా. కుట్టు ఫ్యాక్టరీ వెనక, పనికొచ్చే తల్లుల పిల్లల కోసం రెండు గదులు, ఒకటి తినడానికీ ఆడటానికీ, ఒకటి పడుకోవడానికి. గోడకి పిల్లల చెయ్యి అందినంత ఎత్తు వరకూ సున్నం లేదు, ఆ పైన కొత్తదే. బొమ్మల తొట్టిలో చక్రం లేని కారు, తల లేని గుర్రం, గుర్రం లేని తల. ఏటా ఫ్యాక్టరీ వాళ్లు ఓ సంచీడు కొనిస్తారు, నెల తిరిగేసరికి అవీ ఇందులో కలుస్తాయి.

అలాంటి చోటికి నీ చెక్క సామాను వచ్చింది. ఏం చెప్పమంటావు? నేను పెట్టె పూర్తిగా విప్పేదాకా పిల్లలు ఆగలేదు. వారం దాటింది, ఇంకో బొమ్మ ముట్టుకుంటే ఒట్టు. పొద్దున వస్తూనే దానికోసం పరుగు. మాకో ఏడుపుగొట్టు ఉంది, వాళ్లమ్మ గేటు దాటిన దగ్గర్నుంచి పైకప్పు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. నిన్న వాళ్లమ్మ వెళ్లిన సంగతే చూసుకోలేదు. పాపం ఆ తల్లి గేటు దగ్గర నిలబడి తనే కళ్లొత్తుకుంది.

కాబట్టి నా మాట ఇది. ధర ఎక్కువ, అందులో తేడా లేదు. పని మాత్రం ఏ వంకా పెట్టలేనిది. ఎంత నున్నగా ఉందిరా! పిల్లలు వదలట్లేదు. నిజం రాయమన్నావు, నిజమే రాశాను.

మీ నాన్న, అంటే మా తమ్ముడు, మేకు కొట్టమంటే వేలు కొట్టుకునేవాడు. నీకీ చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందో!

మోకాలు నొప్పి అలాగే ఉంది. కొళాయి బాగుచేయించారు, ఇప్పుడు అది కట్టినా కారుతోంది, విప్పినా కారుతోంది. ఒకడు లేచాడు, మిగతావాళ్లని లేపకముందే వెళ్లాలి.

మీ అత్త


జూన్ 24

అత్తా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. "వదలట్లేదు" అన్న చోట కాగితం నలిగిపోయింది.

ఇక ఆ చెప్తానన్న సంగతి. మంచాలు మానేశాను! ఓనరుకి చెప్పేశాను, ఈ నెలాఖరుతో సరి. ఆయన అంతా విని "మంచానికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది, మనిషన్నాక పడుకోక తప్పదు. లారీ సంగతే ఒకటికి రెండుసార్లు చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. మా స్నేహితుడి టైర్ల గోడౌన్‌లో ఓ మూల అద్దెకి తీసుకుని పన్నెండు లారీలు మొదలుపెట్టాను. నీ కోడలు రెండ్రోజులు గిన్నెలు గట్టిగా తోమింది. అదంటే ఏంటో నీకు తెలుసు. కానీ నీ ఉత్తరం చూపిస్తే కాస్త మెత్తబడింది.

షాపావిడ కూడా ఆ ఉత్తరం చూశాకే ఒప్పుకుంది. నాలుగు లారీలు ముందువరసలో పెడుతుందట. పక్కన ఓ అట్టముక్క మీద "ముప్పై ఏళ్లుగా పిల్లల్ని పెంచుతున్న అనుభవజ్ఞురాలి మాట: పిల్లలు వదలట్లేదు" అని రాయిస్తానంది. నీ ఫోటో ఒకటి ఉంటే ఇంకా బాగుంటుందట. పంపిస్తావా? కళ్లజోడుతో ఉన్నదైతే నమ్మకంగా ఉంటుంది. మీ దగ్గరికొచ్చే తల్లుల చెవిన కూడా ఓ మాట వెయ్యి, ఒకరిద్దరు కొన్నా మేలే.

చక్రాలకి ఎరుపు రంగు వెయ్యనా, చెక్క రంగే ఉంచనా? మీవాళ్లకి ఏది నచ్చుతుందో అడిగి రాయి.

గాల్లో తేలుతున్న
నీ పొట్టోడు


జూలై 3

వ్యాపారస్థుడుగారికి,

తల్లుల చెవిన వెయ్యాలా? వాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను తొక్కి, నడుం పట్టుకుని వచ్చి పిల్లల్ని తీసుకెళ్తారు. వాళ్లకి ఎంత వస్తుందో నాకు తెలుసు, నీ వెనక పేజీలో అంకె ఎంతో కూడా తెలుసు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూశావా నువ్వు? పిల్లల్ని నా మీద నమ్మకంతో వదిలేవాళ్లకి నేను సరుకు అమ్మనా?

ఫోటో కూడా కావాలట, కళ్లజోడుతో!

నువ్వు పెట్టె పంపింది మా పిల్లలకి అనుకుని మురిసిపోయాను. నా మాట కోసమన్నమాట. ముందే చెప్పుంటే మాటే పంపేదాన్ని, నీకు పార్సిలు ఖర్చైనా మిగిలేది.

నీ లారీ నువ్వు తీసుకుపో. వచ్చిన మర్నాటి నుంచీ బీరువా మీదే ఉంది, ఒక్క గీత పడలేదు. కొత్తదానిలాగే అమ్ముకోవచ్చు. ముక్కలు మాత్రం తిరిగివ్వలేను. పిల్లలు ఇవ్వనివ్వరు. వాటి ఖరీదెంతో విడిగా రాయి, నెలకి కొంత చొప్పున పంపిస్తాను.

చక్రాల రంగు నన్నడక్కు.

ఇంకేం లేదు.


జూలై 9

అత్తా,

ఏ ముక్కలు?

నీ కోపం సంగతి తర్వాత చూసుకుందాం. ఫోటో మాట పొరపాటే, తల్లుల మాట అంతకన్నా పొరపాటు, రెండు చెంపలూ వేసుకుంటున్నాను. ముందు ఇది చెప్పు. ఏ ముక్కలు? నేను పంపింది లారీ ఒక్కటే.

అర్థం కాక నీ కోడల్ని అడిగాను. "ఓ, అవా! పెట్టెలో లారీ కదుల్తోంది. షెడ్డు మూల పారేసే కుప్పలోంచి చేటెడు ముక్కలు తెచ్చి చుట్టూ కుక్కాను" అంది. మంచం కోళ్ల కొసలు, బల్ల అంచులు కోసిన తునకలు, అవన్నీ! మరి నున్నగా ఎలా ఉన్నాయంటే, గరుగ్గా ఉంటే లారీ పాలిష్ గీసుకుపోతుందని ఆదివారం పూటంతా కూర్చుని ఒక్కోటీ రుద్దిందట. ఇంట్లో గరుకు కాగితం ఏమైపోయిందా అని వెతుక్కున్నాను కూడా.

తర్వాత నీ పాత ఉత్తరం తెచ్చి మళ్లీ చదివాం. ఎక్కడా లారీ అన్న మాటే లేదు. నేనే చదువుకున్నాను లారీ అని. నీ కోడలు అక్కడే నేల మీద కూర్చుండిపోయి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అత్తా, ఉద్యోగం మానేశాను. గోడౌన్‌లో పన్నెండు లారీలు టైర్ల మధ్య బారుగా నిలబడి ఉన్నాయి, రోడ్డు మూసేసినట్టు. అంత కష్టపడి చేసింది బీరువా ఎక్కింది, పొయ్యిలోకి పోవాల్సినవి పిల్లలు వదలట్లేదు. వాటికి ఖరీదేంటి? ఎవరైనా పొట్టుకి ఖరీదు కడతారా?

ఒక్కటే అడుగుతాను. బీరువా ఎందుకెక్కించావు? నచ్చలేదా?

పొట్టోడు


జూలై 16

ఒరేయ్ పొట్టోడా,

నీ ఉత్తరం చదివి నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. నా ఒక్క మాట పట్టుకుని ఉద్యోగం మానేస్తావా? మానేసేముందు "చెక్క సామాను" అంటే ఏది అత్తా అని అడగొద్దూ? నేనైనా లారీ, ముక్కలూ విడివిడిగా రాయొద్దూ? అన్నీ కలిపి నువ్వు చేసిన బొమ్మలే అనుకున్నాను. సరే, తప్పు చెరిసగం పంచుకుందాం.

నచ్చకపోవడమా! నాకు అంత నచ్చింది కాబట్టే బీరువా ఎక్కింది. జరిగింది చెప్తాను విను. పెట్టె వచ్చిన రోజు పిల్లలు లారీ తోశారు, తొట్టి లేపారు, దించారు, మళ్లీ లేపారు. సాయంత్రం బుగ్గల పిల్లోడి తల్లి వచ్చి "ఎంత బాగుందో, ఎంత పెట్టి కొన్నారు?" అంది. నా నోరు ఊరుకుంటుందా, చెప్పాను. ఆవిడ మొహం తెల్లబోయింది. వాడి చేతిలోంచి లారీ లాక్కుని "ముట్టుకోకు, విరిగితే మనవల్ల అవుతుందా?" అని రెండు దెబ్బలు కూడా వేసింది. మర్నాడు ఆయా కూడా "జాగ్రత్త, జాగ్రత్త" అని వాళ్ల వెనకే తిరిగింది. నాలుగోసారి జాగ్రత్త అంటుంటే చూశాను, అంటున్నది నేనే. ఆ ధర తెలిశాక నా చెయ్యి కూడా వెనక్కి పోతోందిరా. తీసి పైన పెట్టేశాను. అక్కడ బొమ్మలా కూర్చుంది.

ముక్కల ధర ఎవరికీ తెలియదు. కాబట్టి ఎవరూ జాగ్రత్త అనలేదు. ఇంకో సంగతి కూడా ఉంది, నీకు కాస్త గుచ్చుకుంటుంది, ఓర్చుకో. లారీ ఎప్పుడూ లారీయే. ముక్క అలాక్కాదు. పొద్దున వంతెన, అన్నం వేళకి సబ్బు, నిద్ర లేచాక ఫోను. మొన్న ఓ పొడుగు ముక్క థర్మామీటరై నాకు జ్వరం లేదని తేల్చింది.

నీ ఉత్తరం చదివిన రోజే లారీ కిందికి దించాను. ఆయాకీ నాకూ ఒకటే ఒప్పందం, ఎవరం నోరెత్తకూడదు. ఇద్దరం పైట చెంగు నోట్లో పెట్టుకున్నంత పని చేశాం. మొదటి గంటలోనే ముగ్గురు వంతులేసుకుని ఎక్కి కూర్చున్నారు, నాలుగోవాడు తోశాడు. గోడకి గుద్దింది. గోడ పెచ్చు ఊడింది, లారీకేం కాలేదు! ప్లాస్టిక్‌దైతే ఆ పూటే చీపురుతో ఊడ్చేదాన్ని. ఇప్పుడు ముక్కలన్నీ లారీలోనే ఊరేగుతున్నాయి. నువ్వు పెట్టిన పాలిష్ మాత్రం పోయింది, ఆశ వదులుకో.

నేను చెప్పడం కాదు, వచ్చి చూడు. ఓ పూట మూల కూర్చో. నువ్వు చేశావని ఎవరికీ చెప్పను. అమ్మాయిని కూడా తీసుకురా, ఆ రుద్దిన చెయ్యి చూడాలని ఉంది.

మీ అత్త

ఫోటో సంగతి మర్చిపోయాను. ఇంకా కోపంగానే ఉంది, వచ్చేసరికి తగ్గుతుంది.


ఆగస్టు 12

అత్తా,

క్షేమంగా చేరాం. బస్సులో నీ కోడలు దారి పొడుగునా ఏడుపుగొట్టు గురించే మాట్లాడింది.

నీ దగ్గర చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తాను. ఆ చిన్న కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నప్పుడు నా కళ్లన్నీ లారీ తలుపుల మీదే ఉన్నాయి. ఆ తలుపులు సరిగ్గా మూసుకునేలా చేయడానికి ఎంత తిప్పలు పడ్డానో నాకే తెలుసు. పొద్దున్నుంచి ఒక్కళ్లూ తెరవలేదు. చివరికి బుగ్గలవాడు తెరిచాడు. పొంగిపోయాను. లోపల సగం కొరికిన బిస్కెట్టు దాచి మూసేశాడు!

మొదట మనసు చివుక్కుమంది. కాసేపటికి లారీని తలకిందులు చేసి, దాని మీద ముక్కలు పేర్చి ఆస్పత్రి కట్టారు. నన్ను పడుకోమన్నారు. పడుకున్నాను. నా కడుపు మీద ఓ మంచం కోడు తునక పెట్టి "కదిలితే ఇంజక్షనే" అందొక పిల్ల. అలా పడుకుని పైకప్పు చూస్తుంటే, నేను చేసింది వీళ్లకి బానే పనికొస్తోంది, నేననుకున్నట్టు కాకపోతే ఏమైందిలే అనిపించింది. అప్పుడు మనసు తేలికపడింది.

వచ్చాక ఓనరు దగ్గరికి వెళ్లాను. ఎలా అడగాలా అని దార్లో మాటలు కూడబలుక్కున్నాను. ఆయన తలెత్తకుండానే "ఆ మంచం కాలు వంకరగా ఉంది చూడు" అన్నాడు. అంతే, పనిలో పడ్డాను. పొద్దున పూట అక్కడ, మధ్యాహ్నం గోడౌన్‌లో. పారేసే ముక్కలన్నీ పట్టుకుపొమ్మన్నాడు.

నీ కోడలూ నేనూ సంచుల్లో ముక్కలు వేస్తున్నాం. ఏ ముక్క వెయ్యాలో, ఏది తీసెయ్యాలో తనదే తీర్పు. అన్నీ ఒకేలా కోస్తానంటే ఒప్పుకోదు. "ఒకేలా ఉంటే వాళ్లకేం పని?" అంటుంది. ధర తక్కువే పెట్టాం. నీ ఫ్యాక్టరీ తల్లులు వెనక పేజీ తిప్పి చూసినా భయపడరు. కానీ అమ్మమని నిన్నడగను.

నీ పొట్టోడు


సెప్టెంబరు 2

పొట్టోడికీ, అమ్మాయికీ,

సంచి వచ్చింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏడుపుగొట్టు తల్లే సంచి మీద అడ్రసు చూసి రాసుకుంది. తర్వాత ఇంకో ఇద్దరు. ముగ్గురూ కలిసి ఒకటి తెప్పించుకుని వారానికొకరింట్లో ఉంచుకుంటారట. నా ప్రమేయం లేదని మనవి.

ఫ్యాక్టరీ మేనేజరు ఈ ఏడు బొమ్మలకి డబ్బిస్తూ "మళ్లీ ఆ ప్లాస్టిక్ సంచేనా?" అన్నాడు. కాదు, ఈసారి ఒక్క లారీ అన్నాను. ఒక్కటేనా అని నోరు తెరిచాడు. పక్కగదిలో చిన్నవాళ్లకి కూడా ఒకటి కావాలిరా, పెద్దవాళ్లు దగ్గరికి రానివ్వట్లేదు. ఉన్న ధరకే ఇవ్వు, మేనత్తనని తగ్గించావంటే వెనక్కి పంపిస్తాను. ఒక్క మనవి, పాలిష్ వెయ్యకు. బిల్లు మేనేజరు పేరు మీద పంపు, నాకు అంకె కనపడకూడదు.

ఒక లారీ తగ్గితే ఇంకా పదకొండు ఉంటాయిగా. వాటి గతేంటి?

మీ అత్త


అక్టోబరు 8

అత్తా,

నీ లారీ పాలిష్ లేకుండా బయల్దేరింది. మిగిలిన వాటి గతి అడిగావుగా. నాలుగు షాపులో అమ్ముడయ్యాయి, అట్టముక్కలూ ఫోటోలూ లేకుండానే. అయిదోదాని కథ రాయకుండా ఉండలేను.

పోయిన వారం గోడౌన్‌కి ఒక పెద్దాయన వచ్చాడు. టైరు కోసమనుకున్నాను. లారీల ముందు ఆగిపోయాడు. కాసేపటికి అడక్కుండానే ఒకటి తీసి, ముందు చక్రాలు పక్కకి వంచి చూశాడు, తొట్టి లేపాడు. ఆ తర్వాత తలుపు తెరిచాడు అత్తా! తెరిచి, మూసి, మూసుకున్న చప్పుడు విని, మళ్లీ తెరిచాడు. జీవితమంతా లారీ నడిపాడట. చూపు తగ్గిందని ఇంట్లోవాళ్లు బండి అమ్మించేశారట.

"ఎంత?" అన్నాడు. చెప్పి, తల వంచుకున్నాను. ఆ అంకె చెప్పాక ఎదుటివాళ్ల మొహం చూడటం మానేశాను.

"నా బండికి వాయిదాలు కట్టీ కట్టీ జుట్టు నెరిసింది. దీనికి ఒక్కసారేగా" అన్నాడు.

"మనవడికా అండీ?"

"వాడికెందుకు? నాకే. టీవీ పక్కన పెట్టుకుంటాను."

డబ్బిచ్చాడు. కానీ లారీ తీసుకోలేదు. ఎడమ తలుపు చూపించి "ఇక్కడ ఓ సొట్ట కావాలి బాబూ" అన్నాడు. కొత్తలో ఓసారి వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి కొట్టాడట. భార్య పక్కనే కూర్చుని ఉంది, "చూసుకోండి, చూసుకోండి" అంటూనే ఉందట. ఆ సొట్ట బాగుచేయించనివ్వలేదట ఆవిడ. ఎప్పుడు మాటా మాటా వచ్చినా ఆ తలుపే చూపించేదట. ఆవిడ పోయి రెండేళ్లు.

ఎంత లోతు, ఎంత వెడల్పు అని అడిగాను. బొటనవేలు తలుపు మీద ఆనించి చూపించాడు.

గూటం తీసుకున్నాను. ఆ తలుపుల కోసం నేను పడ్డ పాట్లన్నీ కళ్లముందు కదిలాయి. చెయ్యి ఒకసారి ఆగింది, ఆ తర్వాత ఆగలేదు. గుండ్రటి మొన ఉన్న కడ్డీ తలుపు మీద ఆనించి ఒకటి వేశాను. ఆయన వంగి చూసి "ఇంకొంచెం" అన్నాడు. ఇంకోటి వేశాను.

బొటనవేలు ఆ సొట్టలో పెట్టి అటూ ఇటూ కదిపాడు. "ఆ, ఇదే" అన్నాడు. తర్వాత లారీని నా బల్ల మీద పెట్టి, నోటితో ఇంజను చప్పుడు చేస్తూ, మెల్లగా, ఎంతో జాగ్రత్తగా వెనక్కి తీశాడు.

నీ
పొట్టోడు